బయటికి గీసిన పాదాలు

ఖీరోదిని ఇంట్లో పొద్దున లేచినవాళ్ళు ముందు పెరటి గుంటలో మునగాలి, మాటలు ఆ తరవాతే. తలమీద నీళ్ళు పడకుండా బరజలో అడుగుపెట్టిన మనిషి ఆ ఇంట ఎన్నడూ లేడు. బరజ వాళ్ళ తమలపాకు తోట. నాలుగు వైపులా జనపకట్టెల దడి, పైన అవే కట్టెల పందిరి. ఎండ జల్లెడ పట్టినట్టు పడాలి, గాలి నెమ్మదించి లోపలికి రావాలి. లోపల వరసలుగా పాకిన తీగ సాక్షాత్తు లక్ష్మి. లక్ష్మి ఎదటికి పాచిముఖంతో ఎవరు వెళతారు? అందుకని చెప్పులు దడి బయట, తిట్లు దడి బయట, పక్కవాళ్ళ తోటలో తిరిగొచ్చిన బట్టలు దడి బయట.

ముందుగా ఖీరోదిని వెళ్ళి మొదటి తీగకి దణ్ణం పెట్టి పండాకులు ఏరేది. ఆవిడ వెనక కొడుకు నటబర తీగకి ఎరువుగా ఆవచెక్క నానబెట్టిన కుండ మోసుకొచ్చేవాడు. కోడలు సుకాంతి అందరికన్నా ఆఖర్న వచ్చేది. ఆమె నీళ్ళు తాగడానికి చాలాసేపు పట్టేది మరి.

సుకాంతిది ఆకు ఒళ్ళు. సముద్రానికి దగ్గరగా ఆ నదీపాయల మధ్య తమలపాకు పండించే ఊళ్ళలో అప్పుడప్పుడు అలాంటి ఆడపిల్ల పుడుతుంది. మనకి ఉన్నది చర్మం ఒక్కటే, వాళ్ళకి చర్మం పైన గోడ కూడా ఉంటుందని అక్కడి ముసలమ్మలు చెబుతారు. ఆ గోడ నీళ్ళని లోపలికి రానిస్తుంది, మనిషిని పొంగి పగిలిపోనివ్వదు. లోపలున్న మనిషి నీళ్ళు తాగి గోడని నెడుతుంది, గోడ ఆమెని తిరిగి నెడుతుంది. ఆ నెట్టుడు మీదే నిలబడుతుంది ఆకు ఒంటి పిల్ల. తెల్లవారి బిందెడు నీళ్ళు తాగాక సుకాంతి వెన్ను లేత వెదురులా ఉండేది. మిట్టమధ్యాహ్నానికి భుజాలు వాలిపోయేవి. అప్పుడామెకి ఎవరూ పని చెప్పేవారు కాదు. నటబర చెంబుతో నాలుగు చుక్కల నీళ్ళు చిలకరిస్తే మెల్లగా లేచి కూర్చునేది. ఉప్పు మాత్రం తగలకూడదు. పఖాళలో, అంటే రాత్రి నానేసిన నీళ్ళన్నంలో, అందరికీ ఉప్పురాయి పడేది, ఆమె వాటా మాత్రం ఉప్పు లేకుండా విడిగా ఉండేది.

పెళ్ళి మాటలప్పుడు సుకాంతి తండ్రి అడిగింది ఒక్కటే, మీ గుంటలో నీళ్ళు తియ్యనివేనా అని. ఖీరోదిని లేచి వెళ్ళి చెంబుతో ముంచుకొచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన తాగాడు, తాంబూలాలు పుచ్చుకున్నారు.

అలాగని అత్తగారు కోడల్ని నెత్తిన పెట్టుకోలేదు. ఎండెక్కేసరికి వాలిపోయే మనిషితో సంసారమేమిటని రోజూ ఏదో ఒక మూల గొణిగేది. కోడల్ని తెచ్చుకున్నానా, కుండీలో మొక్కని తెచ్చుకున్నానా అనేది. పక్కింటి రంభ ఆవిడ ఈడుదే, నోట్లో ఎప్పుడూ కిళ్ళీ ఉండే మనిషి. దడి మీంచి తొంగిచూసి, "మొక్కయితే ఎదురు చెప్పదుగా ఖీరోదినీ, నువ్వు కోరుకున్నది అదేగా," అనేది. సుకాంతి నవ్వి ఊరుకునేది.

కార్తీకంలో తుఫాను వచ్చింది. పొద్దుటి నించీ గాలి దిక్కు మార్చుకుంటూ కొట్టింది. బరజ తాళ్ళు బిగించొస్తానని వెళ్ళిన నటబర మళ్ళీ ఇంటికి రాలేకపోయాడు. తాటిచెట్టు మొవ్వు పట్టుకుని బతికాడని తరవాత తెలిసింది. మధ్యాహ్నానికి సముద్రం ఊళ్ళోకి నడిచొచ్చింది. మట్టిగోడలు నీళ్ళలో బెల్లం ముక్కల్లా కరిగాయి. పైకప్పు కొట్టుకుపోతుంటే సుకాంతి అత్తగారిని వీపున వేసుకుని తన చీర కొంగుతో నడుముకి కట్టుకుంది. వాకిట్లోకి వచ్చి పాదాలు బురదలో దిగేసి నిలబడింది. నీళ్ళు మెడదాకా వచ్చాయి. దూలాలు వచ్చి తగిలాయి, పశువులు వచ్చి తగిలాయి. ఆమె కదల్లేదు.

"నీళ్ళు మింగకు అత్తమ్మా. భయమేస్తే నా భుజం కొరుకు," అంది.

ఖీరోదిని కొరికింది. నోటినిండా తమలపాకు కారం వచ్చింది. జగన్నాథా అనడానికి కూడా నోరు తెరవకుండా, ఆ భుజాన్ని అలాగే పట్టుకుని తెల్లారేదాకా ఉంది. తన నోట్లోకి రాని ఉప్పునీరంతా సుకాంతి ఒంట్లోకి పోతోందని అప్పుడావిడకి తట్టలేదు.

నీరు తీశాక ఊరంటూ ఏమీ కనిపించలేదు. గుంటల్లో చేపలు తెల్లగా తేలాయి. ఏ నీళ్ళు నోట్లో పెట్టుకున్నా ఉప్పే. నటబర కొబ్బరిమట్టలు తెచ్చి పాత తిన్నె మీద చిన్న పాక నిలబెట్టాడు. సుకాంతిని అందులో పడుకోబెట్టారు. అలిసిపోయింది, లేస్తుంది అనుకున్నారు. ఎవరి ఒంటి మీదా కండ లేని రోజులవి. ఖీరోదిని గాజు మోచేతి దాకా జారిపోతోంది. సుకాంతి గాజులు మాత్రం ఒక్కటీ వదులు కాలేదు, బుగ్గలు లోపలికి పోలేదు. దేవుడి దయ, నా కోడలు చిక్కలేదు అని అత్తగారు రంభతో చెప్పుకుంది. రంభ వచ్చి కూర్చుని, సుకాంతి ముంజేతి మీద వేలి కణుపుతో తట్టింది. ఖాళీ కుండ మీద తట్టినట్టు మోగింది.

అప్పుడు ఖీరోదిని కోడలి ఛాతీమీద చెవి పెట్టి పిలిచింది. జవాబు రావడానికి కాస్త సేపు పట్టింది. పెరటిగదిలోంచి పలికినట్టు, ఎక్కడో వెనక నించి వచ్చింది ఆ గొంతు.

"ఇక్కడే ఉన్నాను అత్తమ్మా. లోపలికి వచ్చేశాను."

"నీ చేతులు నొప్పిగా ఉన్నాయా?"

"నా చేతులు నాకు చాలా దూరంగా ఉన్నాయి. మధ్యలో సముద్రం ఉంది."

గోడ ఉన్నచోటే ఉంది. ఉప్పుకి తాళలేక మనిషి కుంచించుకుని గోడని వదిలి వెనక్కి వెళ్ళింది. మధ్య ఖాళీలో ఉప్పెన నీరు నిలిచింది. భుజం పట్టి కదిపితే ఆ నీరు తొణికిన చప్పుడు వినపడేది. తీగల్లో ఇలాంటిది ఖీరోదిని చూసింది. తియ్యటి నీళ్ళు వేళకి అందితే తీగ తన గోడ దాకా మళ్ళీ నిండుతుంది. అందకపోతే గోడ ఒక్కటే మిగులుతుంది, దాన్ని పొయ్యిలోకి వాడుకుంటారు.

నటబర తారురోడ్డు దాకా బురదలో నడిచివెళ్ళి, లారీ తెచ్చిన నీళ్ళ కోసం తోపులాటలో నిలబడి, కావడితో రెండు బిందెలు మోసుకొచ్చాడు. దారిలో ఎంతమంది అడిగినా పుడిసెడు కూడా ఇవ్వలేదు. ఆ పాపం నాది అని తల్లితో అన్నాడు. సంతకి తీసుకెళ్ళే బుట్టలో ఆకు వాడితే వాళ్ళు చేసే పని ఒకటుంది. ఆకుల కట్టని నీళ్ళలో నిలువునా ముంచి విదిలిస్తారు, చూస్తూండగానే ఆకు పెళపెళలాడుతూ లేస్తుంది. తల్లీ కొడుకులకి పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ తెలిసిన వైద్యం అదే. కొట్టుకొచ్చిన గంగాళాన్ని తోమి, నీళ్ళన్నీ అందులో పోసి, సుకాంతిని ఎత్తి మెడదాకా కూర్చోబెట్టారు.

నీళ్ళు ఒక్కసారిగా లోపలికి దూసుకెళ్ళాయి. లోపలి మనిషి వెనక్కి వెళ్ళినా, అక్కడక్కడా సన్నటి దారాలతో గోడకి కట్టుకునే ఉంది. అవి ఎవరికీ కనిపించేవి కావు. ఆ విసురుకి కుడిచేతి వైపు దారాలు పటపటా తెగాయి, నారచీర చింపినట్టు. సుకాంతి ఒక్కసారే అరిచింది. పైకి తీసేసరికి కుడి మణికట్టు నించి కిందిభాగం పాలిపోయి, తేలికగా, చిక్కుడు తొక్కలా ఉంది.

నటబర గంగాళం పక్కనే కూలబడిపోయాడు. రంభ ఆ చెయ్యి చూసింది. ఆవిడ నోట్లో ఆ రోజు కిళ్ళీ లేదు.

"ముంచేది కోసిన ఆకుని," అంది మెల్లగా. "తీగ మీదున్న ఆకుని ఎవరైనా ముంచుతారా? బతికున్న పిల్లని కోసిన ఆకులా చూశారేంటే అమ్మా."

తల్లీ కొడుకులు ఆ రోజంతా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

తరవాత ఏది చేసినా బొట్టుబొట్టుగానే చేశారు. రాలిన కొబ్బరిబోండాల్లో నీళ్ళు మిగిలి ఉన్నాయి. ఖీరోదిని గుడ్డపేలిక వాటిలో తడిపి కోడలి పెదాల మీద, మెడ మీద అద్దేది, ఆరాక మళ్ళీ అద్దేది. అద్దుతూ మాట్లాడేది. ఇది నీ మోచెయ్యి, ఇక్కడ వేడినూనె పడిన మచ్చ ఉంది. ఇది నీ మడమ, పెళ్ళిలో పారాణి ఇక్కడి దాకా పెట్టారు. లోపలున్న మనిషి తన గోడ ఎక్కడుందో మరిచిపోతుందేమోనని ఆవిడ భయం. సుకాంతి ఊఁ కొట్టేది. రాన్రానూ ఆ ఊఁ చిన్నదైపోయింది. ఒకసారి కళ్ళలోకి చూస్తే, పొడుగాటి నడవ చివర పెట్టిన దీపంలా ఎక్కడో మినుకుమంది.

నీరు పోయిన చోట కుళ్ళు వస్తుంది. బరజలో మొదలయింది. గోడ గట్టిగా ఉన్నంతకాలం తీగ జోలికి రాలేని తెగులు, ఉప్పుకి డస్సిన తీగ గోడలని నాకి కరిగించేస్తోంది. పట్టుకుంటే తీగ వేళ్ళమధ్య జావలా జారిపోతోందని నటబర వచ్చి చెప్పాడు. చెబుతూ పాకలోకి అడుగు పెట్టబోయాడు. తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. బరజలో తిరిగిన కాళ్ళతో రావద్దంది. వాడు బయట నిలబడి, నా పెళ్ళాన్ని నేను చూసుకోకూడదా అన్నాడు. చూడు, దడి సందులోంచి చూడు అంది. వాడు మట్టల సందులోంచే చూశాడు. ఆ రోజు నించి ఖీరోదిని తనూ బరజకి వెళ్ళడం మానేసింది. ఆ ఇంటికి కోడలుగా వచ్చాక తీగకి దణ్ణం పెట్టకుండా పొద్దు మొదలవడం అదే మొదలు. లక్ష్మి అక్కడ దీపం లేకుండా కుళ్ళుతోందని తెలుసు. తెలిసే ఇక్కడ కూర్చుంది.

అయినా సుకాంతి చీలమండ మీద ఆవగింజంత నల్లచుక్క కనిపించింది. మర్నాటికి దాని పక్కన ఇంకొకటి.

మార్గశిరం వచ్చింది. ఆ సీమలో మార్గశిర లక్ష్మివారాలు ఆడవాళ్ళవి. మానికనిండా కొత్తధాన్యం పోసి లక్ష్మిని నిలుపుతారు. బియ్యప్పిండి ముద్దతో వాకిలంతా ఝోటి ముగ్గు వేస్తారు. ముగ్గుల్లోకెల్లా ముఖ్యం తల్లి పాదాలు. గుమ్మం నించి లోపలి గది దాకా చిన్నచిన్న పాదాలు గీస్తారు, వేళ్ళన్నీ లోపలికి తిరిగి ఉండాలి. ఆ పాదాల మీద అడుగేసుకుంటూ తల్లి ఇంట్లోకి వస్తుంది. వేళ్ళు బయటికి తిరిగిన పాదం గియ్యడమంటే తల్లిని సాగనంపడమే. చిన్నపిల్లలు ఆటకి గీసినా వీపు మీద చరుస్తారు.

ఆ ఏడు ఎవరింట్లోనూ కొత్తధాన్యం లేదు. ఖీరోదిని తుఫాను సాయం పంపకంలో వచ్చిన బియ్యం గుప్పెడు తీసి, కొబ్బరినీళ్ళలో నానబెట్టి నూరింది. తలస్నానానికి తియ్యటి నీళ్ళు లేవు. అవే కొబ్బరినీళ్ళు మూడు చుక్కలు నెత్తిన చల్లుకుని, తల్లీ ఇదే స్నానమనుకో అంది. రంభ కూడా వచ్చి కూర్చుంది. తన పాకముందు ముగ్గేసే ఓపిక తనకి లేదనీ, కనీసం నువ్వు వేస్తుంటే చూసిపోతాననీ అంది.

ఖీరోదిని పిండిగిన్నె పట్టుకుని గుమ్మంలో చతికిలబడింది. మొదటి పాదం గియ్యడానికి వేలు పిండిలో ముంచింది. అప్పుడు లోపల్నించి గొంతు వినపడింది. గొంతు అనడానికి లేదు, కాగితం మడిచినంత చప్పుడు.

"అత్తమ్మా, నాకు దారి కనిపించట్లేదు."

ఆవిడ వేలినించి పిండి కారి నేలమీద పడింది. తరవాత గిన్నె తీసుకుని లేచి, గుమ్మం వదిలేసి, కోడలి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె రవిక ముడి విప్పింది. గుండెల నడుమ, గొంతు వచ్చేచోట, మొదటి పాదం గీసింది. దాని ముందు రెండోది, భుజం వైపు. మూడోది, నాలుగోది. వేళ్ళన్నీ బయటికే.

"ఖీరోదినీ," అంది రంభ. "వేళ్ళు బయటికి తిప్పావు."

"తెలుసు."

"లక్ష్మివారం పూట. చేతులారా. తల్లి వెళ్ళిపోతుందే."

ఖీరోదిని చెయ్యి ఆగలేదు, కళ్ళనించి కారేది మాత్రం గిన్నెలో పడకుండా మొహం పక్కకి తిప్పుకుంది. "ఈ ఇంట్లో బయటికి రావలసింది ఒక్కతే ఉంది. నన్ను వీపున మోసింది అదే. దాని వెనకాలే తల్లి కూడా వెళతానంటే, కాళ్ళు పట్టుకుని ఆపే మొహం నాకు లేదు. గిన్నె కాస్త ఇటు జరుపు."

రంభ గిన్నె జరిపింది.

భుజాల నించి చేతుల మీదికి, పొట్ట నించి తొడల మీదికి, మెడ నించి నుదుటి దాకా గీసింది. ఆవగింజ చుక్కలని చుట్టి మడమల దాకా గీసింది. పిండి తడిలో ఉన్న నీరెంత, చీమ తాగేంత. గోడ ఆ కాస్తనీ పీల్చి లోపలికి అందించింది. అందిన చోటికి సుకాంతి అడుగేసింది. ఆమె వచ్చి నిలిచిన పాదం తెల్లదనం పోయి ఒంట్లోకి ఇంకిపోయేది, కింద చర్మం పచ్చిగా మెరిసేది. అప్పుడు తరవాతి పాదం. రంభ చూస్తోంది. బయట మట్టల సందులో నటబర కళ్ళు. ఖీరోదిని పిండి అయిపోతుందేమోనని గిన్నె గోకి గోకి గీసింది. మధ్యలో ఒకచోట, ఎడమ మోకాలి దగ్గర, పాదం ఎంతకీ ఇంకలేదు. ఆవిడ దానిమీద నోరు పెట్టి, రా తల్లీ, రా, ఇక్కడే ఉన్నా, అంటూ ఉండిపోయింది. అలా అన్నది కోడల్నో దేవతనో రంభకి తెలియలేదు. చివరికి అదీ ఇంకింది.

పొద్దు వాలేసరికి కాలివేళ్ళు కదిలాయి. ఎడమచేతి వేళ్ళు కదిలాయి. ఖాళీలో నిలిచిన ఉప్పునీరంతా చెమటలా బయటికి ఊరి చాప తడిసింది. చీలమండ మీది చుక్కలు ఆరి పొట్టులా రాలాయి. సుకాంతి కళ్ళు తెరిచింది. ఆ కళ్ళలోని దీపం నడవ చివర్నించి గుమ్మంలోకి వచ్చింది. కుడిచేతి మీద మాత్రం మణికట్టు తరవాత గీసిన పాదాలు తెల్లగా అలాగే ఉండిపోయాయి. అక్కడ నడిచి వచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

మర్నాడు నటబర వచ్చి, బరజలో ఒక్క తీగ కూడా మిగల్లేదని చెప్పాడు. అన్నీ ఒకేసారి కట్టెల మీంచి జారి నేలకి దిగిపోయాయి. ఉప్పు అంతగా పట్టాక అవి ఎలాగూ పోయేవే అమ్మా అన్నాడు. రంభా అదే అంది. ఖీరోదిని తల ఊపింది కానీ నమ్మలేదు. లక్ష్మిని తనే చేతులారా సాగనంపానని ఆవిడ మనసులో పడిపోయింది. ఆ తరవాతి లక్ష్మివారాలు పిండిగిన్నె ముట్టుకోలేదు. దేవుడి మూలలో దీపం పెట్టమని కోడలితో చెప్పి, తను పాక వెనక కూర్చునేది. బరజ ఉన్న వైపు చూడాల్సివస్తే కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది. ఏడవడానికి కూడా తనకి హక్కు లేదన్నట్టు ఉండేది ఆవిడ తీరు.

ఎండాకాలం నడిమిలో సుకాంతి కుడిచెయ్యి మణికట్టు దగ్గర పండాకు తొడిమలా విడిపోయింది. రక్తం రాలేదు. గోళ్ళతో, గీతలతో, బొటనవేలి మీది కత్తిగాటుతో సహా చెయ్యి చెయ్యిలాగే ఉంది, లోపల ఏమీ లేదు. ఆమె దాన్ని తడిగుడ్డలో చుట్టి చూరులో దాచింది.

వానలు వచ్చి నేలలో ఉప్పు కడిగాక, సుకాంతి తండ్రి తమ ఊరినించి తీగ ముక్కలు తడి గోనెలో చుట్టి పంపాడు. నటబర కొత్త జనపకట్టెలతో దడి కట్టాడు. మొదటి ముక్క నాటాల్సింది ఇంటి పెద్ద ఆడమనిషి, కుడిచేత్తో. తెల్లవారగానే అందరూ మునిగి వచ్చారు. ఖీరోదిని దడి బయటే ఆగిపోయింది.

"నేను రాను," అంది. "ఈ చెయ్యి తల్లికి బయటికి దారి చూపించింది. మళ్ళీ ఈ చేత్తోనే రమ్మంటే ఏ మొహం పెట్టుకుని వస్తుంది? నువ్వే నాటు కోడలా."

"నాకు కుడిచెయ్యి లేదు అత్తమ్మా."

సుకాంతి ఇంట్లోకి వెళ్ళి గుడ్డమూట తెచ్చింది. విప్పి, ఆ బోలుచేతిని నీళ్ళలో తడిపింది. అది మెత్తబడింది. అత్తగారి కుడిచెయ్యి పట్టుకుని, పసిపిల్లకి చొక్కా తొడిగినట్టు, ఒక్కొక్క వేలూ సర్దుతూ అందులోకి తొడిగింది. ముసలి వేళ్ళు లేత వేళ్ళలో సరిపోయాయి.

"ఇప్పుడు రా. ఇది నీ చెయ్యి కాదు," అంది.

ఖీరోదిని ఆ చేతిని తిప్పి తిప్పి చూసుకుంది. చెప్పులు విడిచింది. దడి దాటేటప్పుడు సుకాంతి ఆవిడని ఎడమచేత్తో పట్టుకుంది. ఖీరోదిని ఆ చేత్తోనే మట్టి పాయ చేసి, తీగ ముక్క పెట్టి, మట్టి కప్పి నొక్కింది. తడిమట్టి ఆ బోలుచేతిని పట్టుకుని తనలోనే ఉంచేసుకుంది. ఆవిడ చెయ్యి పైకి తీస్తే తన చెయ్యి ఒక్కటే బయటికి వచ్చింది.

ఆవిడ ఆ చేతినే చూసుకుంటూ కూర్చుంటే సుకాంతి తొందరపెట్టలేదు. నటబర రెండో వరస మొదలుపెట్టాడు. ఎండ జల్లెడలోంచి దిగి వాళ్ళ వీపుల మీద పడింది. ఖీరోదిని మట్టి అంటిన చేత్తో పక్కనున్న రెండో ముక్క తీసుకుని, దాని కణుపు ఎటు తిరిగిందో చూసి, ఎవరినీ అడక్కుండా నాటింది.